ఉత్తుత్తి సంతకం

తువ్వాలు మడతలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి బల్ల మీద పరిచి, "ఇందుల ఏం రాసున్నదో జర చదివి చెప్పు సారూ" అని బాలనర్సయ్య అడిగాడు. అది చూడగానే యజ్ఞనారాయణ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పోయిన వారం మనం వాళ్ళిద్దర్నీ అలా వదిలేసి వచ్చాం. కొత్తగా చేరినవారి కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

యజ్ఞనారాయణది తణుకు. కంపెనీల పత్రాలు తనిఖీ చేసే సర్కారు ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. తరవాత మాదాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ మీద గది కిరాయికి తీసుకుని, 'సద్వర్తన' అని బోర్డు కట్టి, కంపెనీల డైరెక్టర్లకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. సమావేశం ఎలా జరపాలి, ఒక బేరంలో తనకు లాభం ఉన్నవాడు ఓటెయ్యకుండా ఎందుకు బయటికి పోవాలి, జనం సొమ్ముకు మనం కావలివాళ్ళమే గాని సొంతదార్లం కామని ఎందుకు గుర్తుపెట్టుకోవాలి, ఇవీ పాఠాలు. గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. బయటి దేశాలవాళ్ళు పనిచ్చే ముందు 'మీ బోర్డు నీతిగా నడుస్తుందా?' అని అడిగేవారు. నడిచినా నడవకపోయినా, శిక్షణ పొందినట్టు గోడకు ఒక సర్టిఫికెట్టు వేలాడుతుంటే చాలు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ సర్టిఫికెట్లలో నీతి అంతే. ఆ సంగతి మాదాపూర్ మొత్తానికీ తెలుసు, యజ్ఞనారాయణకు తప్ప.

ఆయన కాగితం ఒకసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆ ఇంగ్లీషు ఎవరిదో గుర్తుపట్టడానికి అంతసేపు అక్కర్లేదు. ఒక్క మాట అటూ ఇటూ కదపడానికి వీల్లేకుండా, ఏ వకీలూ వేలు పెట్టలేకుండా బిగించి రాసిన ఆ తీర్మానం తన సొంత రాత.

ఫిబ్రవరిలో సుమేధ సాఫ్ట్‌వేర్స్ వాళ్ళకు క్లాసు చెప్పినప్పుడు రాసింది. ఆయన క్లాసులో చివరి అంకం నమూనా సమావేశం. అందులో ఆటగా ఏదీ ఉండకూడదని ఆయన పట్టుదల. ఏడు రోజుల ముందు నిజం నోటీసు పంపించాలి, సమావేశంలో జరిగిందంతా కంపెనీ సొంత మినిట్స్ కాగితాల మీదే రాయాలి, అందరూ నిజం సంతకాలే పెట్టాలి. "పైన ఉత్తుత్తి అని రాస్తే మనసు కూడా ఉత్తుత్తిగానే పనిచేస్తుందండీ" అని ప్రతి కంపెనీలోనూ చెప్పి, తన మాటకు తనే మురిసిపోయేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. సుమేధ డైరెక్టర్లలో బాలనర్సయ్య ఒకడు. కోకాపేట రైతు, ఇంగ్లీషు రాదు. రెండేళ్ళ కింద తన తొమ్మిదెకరాలు కంపెనీకి ఇచ్చి, డబ్బుకు బదులు వాటాలూ బోర్డులో ఒక కుర్చీ తీసుకున్నాడు. తన రాతపూర్వక సమ్మతి లేకుండా ఆ భూమి అమ్మకూడదని కంపెనీ నిబంధనల్లో రాయించుకున్నాడు. అక్కడ ఆఫీసు లేచేదాకా అతని భార్య బుచ్చమ్మ ఆ నేలలోనే జొన్న వేసుకుంటోంది. పాపం, నర్సయ్యకు అర్థం కావాలి కదా అని, క్లాసులో ఉదాహరణకు యజ్ఞనారాయణ ఎంచుకున్నది ఆ తొమ్మిదెకరాలనే. 'నర్సయ్య సమ్మతితో, అధ్యక్షుడి బావమరిది కంపెనీకి భూమి అమ్మకం' అని ఆయనే ఒక సన్నివేశం కల్పించాడు. కంచే చేను మేయడమంటే ఏమిటో యజ్ఞనారాయణకు అంతవరకు ఫైళ్ళలోనే తెలుసు.

"నర్సయ్య గారూ, ఇది మనం ఆ రోజు క్లాసులో రాసిందేనండీ."

"గదే గదా సారూ! నేను గూడ గదే మొత్తుకుంటున్న" అన్నాడు నర్సయ్య. తన మాట నమ్మేవాడు ఒకడు దొరికినందుకు అతని మొహం విప్పారింది. "సోమారం పొద్దుగాల వచ్చి చేను సుట్టూ రాతి కడీలు పాతిండ్రు. ఏందిరా అంటె, నువ్వే ఒప్పుకున్నవ్ గదా, ఇగో సంతకం అని ఈ కాయితం మొకాన కొట్టిండ్రు. చేర్మన్ సాబు బామ్మర్దికి అమ్మిండ్రంట. వచ్చే వారం రిజిస్ట్రీ అంట. బుచ్చమ్మ రెండు దినాల సంది అన్నం ముడుతలేదు."

యజ్ఞనారాయణ కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"వకీలు కాడికి పోయిన. ఆయన మొత్తం ఇన్నడు. ఇని, పాఠం చెప్పిన సారు ఒక్కడు అది క్లాసు, మీటింగు కాదు అని కోర్టుల చెప్తె ఇది చిత్తుకాయితం, ఆయన చెప్పకుంటె నీ భూమి పోయినట్టే అన్నడు. నువ్వు చెప్తవ్ గదా సారూ?"

"చెప్తానండీ. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి చెప్తాను."

"గంతే. ఇగ నాకు ఫికర్ లేదు."

ఆ మాటతో యజ్ఞనారాయణకు ఆ రోజు కలం పట్టుకుని నర్సయ్య ఆగిపోవడం గుర్తొచ్చింది. 'నిజంగ కాదు గదా సారూ?' అని అడిగాడు. తను నవ్వి, అతని భుజం తట్టి, 'నేనున్నాను కదండీ, పెట్టండి' అన్నాడు. తిట్టినా బాగుండేది. కాలర్ పట్టుకున్నా బాగుండేది. ఈ మనిషి ఇంకా తననే నమ్ముకుని వచ్చాడు.

"నడు మరి, వకీలు కాడికి పోదాం" అని నర్సయ్య లేచాడు.

వెళ్ళి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని యజ్ఞనారాయణ చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు అధ్యక్షుడు సీతారామాంజనేయులు గారిని ఒక్కమాట అడుగుదామండీ. కింది వాళ్ళెవరో క్లాసు కాగితాలు నిజం మినిట్స్‌లో కలిపేసి ఉంటారు. ఆయనకు చెబితే దిద్దుకుంటారు. శిక్షణ పొందిన బోర్డు అండీ అది."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. నర్సయ్య ఇష్టం లేకపోయినా ఆటో ఎక్కాడు.

సుమేధ ఆఫీసు నాలుగో అంతస్తులో. మే నెల ఎండలో బయట రాళ్ళు పగులుతుంటే లోపల ఏసీకి పళ్ళు కొట్టుకుంటున్నాయి. రిసెప్షన్ గోడకు బంగారు రంగు చట్రంలో సర్టిఫికెట్టు ఉంది, కింద యజ్ఞనారాయణ సంతకం. ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నర్సయ్య టీ ముట్టలేదు. చెప్పులు విప్పాలో వద్దో తెలియక, డైరెక్టరయి రెండేళ్ళయినా, కాళ్ళు సోఫా కిందికి లాక్కుని కూర్చున్నాడు.

పదకొండున్నరకు ప్రవీణ వచ్చి పిలిచింది. ఈ అమ్మాయి సుమేధకు కంపెనీ సెక్రటరీ; మినిట్స్ పుస్తకం ఈమె చేతిలోనే ఉంటుంది. పరీక్షకు చదివేటప్పుడు యజ్ఞనారాయణ దగ్గరే రెండేళ్ళు పాఠాలు చెప్పించుకుంది. ఎప్పుడు కనపడినా వంగి కాళ్ళకు దణ్ణం పెట్టేది. ఇవాళ పెట్టలేదు. "రండి సార్" అని ముందు నడిచింది.

బోర్డు గదికి నాలుగు వైపులా అద్దాలే. అంతా పారదర్శకంగా ఉండాలని కట్టించామని అధ్యక్షుడు అందరికీ చెప్పుకునేవాడు. ఆయన, అదే సీతారామాంజనేయులు, రొయ్యల చెరువుల్లో సంపాదించి సాఫ్ట్‌వేర్‌లోకి దిగిన మనిషి. నోట్లో వెన్న పెడితే కరగని నెమ్మది.

"రండి గురువుగారూ, రండి! నర్సయ్య గారు కూడానా? కూర్చోండి. ఎండన పడొచ్చారు, మజ్జిగ తెప్పించనా?"

యజ్ఞనారాయణ నిలబడే చెప్పాడు. కాగితాలు పొరపాటున కలిసిపోయాయని, అది క్లాసని, నర్సయ్య గారు సమ్మతి ఇవ్వలేదని, వెంటనే రద్దు చేయించాలని. అధ్యక్షుడు అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు.

"పొరపాటేం లేదండీ. ఆ రోజు జరిగింది మీటింగే."

"నేనే కదండీ జరిపించింది! క్లాసు!"

"నోటీసు ఏడు రోజుల ముందు వెళ్ళిందా లేదా? వెళ్ళింది. మీరే పంపించమన్నారు. నాకు లాభం ఉన్న బేరమని నేను లేచి బయటికెళ్ళి నిలబడ్డానా లేదా? నిలబడ్డాను. మీరే నిలబడమన్నారు. మినిట్స్‌లో ఉన్నది జరిగినట్టు, లేనిది జరగనట్టు అని బోర్డు మీద సుద్దముక్కతో రాసింది కూడా మీరేనండీ."

నర్సయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"మీ దగ్గరున్నది రెండో కాగితమే కాబోలు. మొదటిది చూశారా? ప్రవీణా, పుస్తకం ఇలా తే అమ్మా."

పుస్తకం వచ్చింది. యజ్ఞనారాయణ వంగి చూశాడు. మొదటి అంశం, అదనపు డైరెక్టరు నియామకం. ఆ రోజు రామచంద్రం అనే మరో డైరెక్టరు కంటి ఆపరేషనుకు పోయి రాలేదు. ఓటెయ్యడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. 'మంచిదే, ఖాళీ ఎలా నింపాలో కూడా నేర్పుతాను' అని తనే ఉత్సాహపడ్డాడు. తన పేరే వేయించాడు. డైరెక్టరుగా ఉండటానికి ఇష్టమేనని పత్రం రాసి సంతకం పెట్టాడు.

"ఆ ఫారం మర్నాడే సర్కారులో దాఖలు చేశామండీ. మూడు నెలలుగా మీరు మా డైరెక్టరు. ఇక ఈ చివరి పేజీ కూడా చదవండి, నర్సయ్య గారికి తెలుగులో చెప్పండి."

యజ్ఞనారాయణ పుస్తకం వెనక్కి తోసేశాడు. అధ్యక్షుడే చదివాడు.

"భూమి అమ్మకాన్ని ప్రతిపాదించినవారు, శ్రీ యజ్ఞనారాయణ. బలపరచినవారు, శ్రీ బాలనర్సయ్య."

"అంటె," అన్నాడు నర్సయ్య మెల్లగా, "నా భూమి అమ్మాలె అని అన్నది నువ్వేనా సారూ?"

"క్లాసులో అన్నానండీ. ఆటలో అన్నాను."

"నేను గూడ ఆటలనే పెట్టిన సంతకం."

అతని గొంతులో కోపం లేదు. అది వెతికినా దొరకలేదు యజ్ఞనారాయణకు. ఆయన ప్రవీణ వైపు తిరిగాడు. "నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా. నువ్వు చెప్పు. క్లాసా, మీటింగా?"

ప్రవీణ పుస్తకం అంచు వంకే చూస్తూ నిలబడింది. "మినిట్స్‌లో మీటింగని ఉందండీ" అంది.

తను నేర్పిన పిల్ల. తను నేర్పిన జవాబు. యజ్ఞనారాయణ కుర్చీ వీపు పట్టుకున్నాడు. ముప్ఫై రెండేళ్ళు ఎందరి మోసాలో ఎర్రసిరాతో గుర్తులు పెట్టి పట్టుకున్నాడు. అవన్నీ ఏదో ఒక తప్పు దొర్లినవి గనక దొరికాయి. ఇందులో తప్పు లేదు. తప్పు లేకుండా మోసం చెయ్యడం ఎలాగో ఫీజు తీసుకుని నేర్పి వచ్చాడు. ఇంకా ఆరు కంపెనీల్లో ఇదే క్లాసు చెప్పాడు. ఆ ఆరింటి సంగతి తలచుకోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

అప్పుడు సీతారామాంజనేయులు గొంతు మరీ మెత్తబడింది.

"ఇంత బాధపడటం దేనికండీ? డైరెక్టరన్నాక మీకో హక్కుంది. పన్నెండింటికి బోర్డు మీటింగు. నోటీసు మీ గదికే పంపాం, మీరు మరో క్లాసుకి పిలుపనుకుని ఉంటారు. కూర్చోండి. మీ అభ్యంతరం చెప్పండి. అక్షరం పొల్లు పోకుండా రాయిస్తాను. కోర్టులో అయితే ఇరవై ఏళ్ళు, ఇక్కడైతే ఇరవై నిమిషాలు. నర్సయ్య గారికీ కుర్చీ ఉంది."

అభ్యంతరం రాతలో పెట్టించడం! యజ్ఞనారాయణకు ప్రాణం లేచొచ్చింది. ఆయన పాఠాలన్నిటిలోకీ ఇష్టమైన పాఠం అది. పదిమంది ఒకవైపున్నా, ఒక్కడి అభ్యంతరం రాతలో ఉంటే ఆ రాత ఎప్పటికైనా లేచి నిలబడుతుందని ఆయన నమ్మకం. దేవుణ్ణి నమ్మినంత గట్టిగా నమ్మాడు.

"వద్దు సారూ" అన్నాడు నర్సయ్య. లేచి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "జర బయటికి నడు. వకీలు కాడికి పోదాం. ఈయన గింత పేమతోని కూసోమంటుండంటె ఏదో ఉన్నది."

"మీకు తెలియదు నర్సయ్య గారూ. అభ్యంతరం రాయించడమంటే చిన్న విషయం కాదు. నేనున్నాను కదండీ."

నోరు జారాక గాని తనేమన్నాడో ఆయనకు తెలియలేదు. నర్సయ్యకు తెలిసింది. మోచెయ్యి వదిలేశాడు.

"నేను ఇగ ఏ కాయితం మీద సంతకం పెట్ట. నువ్వు గా కుర్చీల కూసున్నవంటె, నేను వకీలు కాడికి గూడ పోను. వకీలు నీ మాట మీదనే కేసు నడుపుతనన్నడు. ఇగ నా తీరుగ నేను చూస్కుంట." తలుపు తీసుకుని వెళ్ళి అద్దం అవతల నిలబడ్డాడు. వెళ్ళిపోలేదు. చూద్దామనుకున్నాడు.

పన్నెండయింది. రామచంద్రం నల్లకళ్ళద్దాలతో వచ్చి, ఎవరెవరున్నారో సరిగా కనపడక అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టి కూర్చున్నాడు. అధ్యక్షుడు కూర్చున్నాడు. యజ్ఞనారాయణ ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చుంటే తను డైరెక్టరునని ఒప్పుకున్నట్టు. కూర్చోకపోతే నోరు విప్పే హక్కు లేదు. ఆ రెండింటి మధ్య కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, చివరికి తన పాఠం మీదే భారం వేసి కూర్చున్నాడు.

"ముందు హాజరు, తరవాత ఎజెండా. మీ క్రమమేనండీ" అన్నాడు అధ్యక్షుడు.

ప్రవీణ హాజరు రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. పెట్టిందేగాని దాని మీంచి చెయ్యి తియ్యలేదు. ఆయన తలెత్తి చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ఉద్యోగం గురించి భయపడుతోంది కాబోలు, పిచ్చిపిల్ల, అనుకున్నాడు. "ఏం ఫర్వాలేదమ్మా" అని మెల్లగా ఆమె చెయ్యి పక్కకు జరిపి, 'డైరెక్టరు' అని అచ్చువేసిన గడిలో నిండుగా, పొడుగ్గా సంతకం పెట్టాడు. తేదీ కూడా వేశాడు.

"సంతోషం" అన్నాడు అధ్యక్షుడు. "ప్రవీణా, ఎజెండా ఇచ్చెయ్యమ్మా."

ఒక్కటే కాగితం. ఒక్కటే అంశం. రెండు వాటర్ కూలర్లు కొనడం.

యజ్ఞనారాయణ కాగితం తిప్పి వెనక చూశాడు. ఏమీ లేదు. "నా అభ్యంతరం..." అని మొదలుపెట్టాడు.

"ఆ భూమి సంగతి ఇవాళ ఎజెండాలో లేదండీ. ఎజెండాలో లేనిది బోర్డులో ఎత్తకూడదు. అదీ మీ పాఠమే." సీతారామాంజనేయులు రిజిస్టరు తనవైపు తిప్పుకుని ఆ సంతకం మీద వేలితో తట్టాడు. "పోతే, ఆ రోజుది క్లాసని మీరు ఇక ఏ కోర్టులోనూ అనలేరు గురువుగారూ. డైరెక్టరు కానివాడు వచ్చి, డైరెక్టర్ల రిజిస్టర్లో, తేదీ వేసి మరీ సంతకం ఎందుకు పెట్టాడని అడుగుతారు. ప్రవీణా, ఈ పేజీ మన లాయరు గారికి ఇప్పుడే ఫాక్స్ చెయ్యి."

ప్రవీణ కదలలేదు. "నిన్నేనమ్మా" అన్నాడాయన, అంతే నెమ్మదిగా. ఆమె రిజిస్టరు తీసుకుని వెళ్ళింది.

బాలనర్సయ్య భూమికి ఈ భూమ్మీద ఒకే ఒక్క సాక్షి ఉన్నాడు. ఆ సాక్షిని తన చేత్తోనే చంపేశానని యజ్ఞనారాయణకు అర్థమైంది. ఏడుద్దామనుకున్నాడు, ఏడుపు రాలేదు. తల తిప్పి అద్దంలోంచి చూశాడు.

నర్సయ్య అక్కడే ఉన్నాడు. సంతకం పెట్టడం చూశాడు. ఇక చూడవలసింది లేదన్నట్టు తువ్వాలు దులిపి తలకు బిగించి చుట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల వైపు తిరిగాడు.

"నర్సయ్య గారూ!" అని యజ్ఞనారాయణ కుర్చీ తోసుకుని లేచి కేకపెట్టాడు. అద్దం మందమైనది, కేక బయటికి వినపడలేదు. ఆయన తలుపు దాకా పరిగెత్తేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. రెండంతస్తులు దిగి కిటికీలోంచి చూసేసరికి కింద, దుమ్ములో, వకీలు ఇంటివైపు కాక కోకాపేట వైపు తిరిగి ఉన్న ఆటోలోకి నర్సయ్య ఎక్కుతున్నాడు.